పద్నాలుగు సెంటీమీటర్ల ఎడం

మునిర్కాలో మేం అద్దెకున్నది మూడో అంతస్తు. బాల్కనీ రెయిలింగు తుప్పుపట్టి, చెయ్యి వేస్తే ఊగేది. పాపకి అప్పుడప్పుడే పాకడం వచ్చింది. వెల్డింగ్ మనిషిని పిలిచి ఆ పాతది కోయించేశాం. బాల్కనీ తలుపు గడియ పెట్టి, దానికి అడ్డంగా సూట్‌కేసు జరిపాను. అయినా పాపని చంక దించలేదు.

మా ఆయనకి ఆ భయం లేదు. వంకాయలు కొన్నా ఆయనకి లెక్క కుదరాలి. బాల్కనీ ముందువైపు నూట ఎనభై రెండు సెంటీమీటర్లు, పక్కవైపు తొంభై ఎనిమిది. రెండు వైపులా కడ్డీల మధ్య ఒకే ఎడం ఉండాలట, మూలలో సరిగ్గా ఒక కడ్డీ పడాలట, కడ్డీలు తక్కువ పట్టాలట.

"గసాభా తీస్తే సరి," అంటూ హాల్లో నేలమీదే సుద్దముక్కతో మొదలెట్టారు. పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే ఎనభై నాలుగు మిగిలింది. దాంతో తొంభై ఎనిమిదిని భాగిస్తే పద్నాలుగు. పద్నాలుగుతో ఎనభై నాలుగు నిశ్శేషంగా పోయింది.

"చూశావా? పద్నాలుగు! ఇంతకంటే పెద్ద ఎడం రెంటికీ కుదరదు."

"పాప దూరదు కదండీ?"

"నీకన్నీ భయాలే."

వెల్డింగ్ మనిషి అక్కడే పద్నాలుగు కొలిచి, రెండు కడ్డీలు నిలబెట్టి పట్టుకున్నాడు. "దేఖ్ లీజియే, మేడమ్," అంటూ హిందీలో నన్ను చూసుకోమన్నాడు.

పాపని దించాను. అదేదో ఆట అనుకుంది. తల పక్కకి తిప్పి, కడ్డీల మధ్యకి దూర్చి, ఒళ్ళు ఈడ్చుకుంటూ అవతలికి పాకేసింది. వెనక్కి తిరిగి నవ్వింది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఇక్కడ అవతల హాలే. బాల్కనీలో అయితే? పాపని లాక్కుని మళ్ళీ చంకనేసుకున్నాను.

"పెద్దది ఎవరడిగారండీ?" అని అరిచాను. "సగం చేయించండి! ఏడు పెట్టించండి!"

ఆయన సుద్దముక్క పడేసి లేచారు. "ఏడూ కుదురుతుంది. పద్నాలుగుని భాగించేదేదైనా రెంటికీ కుదురుతుంది... భయ్యా, సాత్ రఖో, సాత్."

సాయంత్రానికి కొత్త రెయిలింగు లేచింది. పాప పాకుతూ వెళ్ళి చెయ్యి బయటపెట్టింది. భుజం దగ్గర ఆగింది. తల దూర్చబోతే నుదురు తగిలి, కోపంతో ఏడుపందుకుంది. గౌను వెనక అంచు గట్టిగా పట్టుకుని ఏడవనిచ్చాను. పక్కకి చూస్తే, ఆ గౌను రెండో అంచు ఆయన గుప్పిట్లో ఉంది.