నా కార్డు మీది కె.

కర్నూలు నుంచి మహదేవపురకి ట్రైనింగుకని వెళ్లాను. అక్కడ ట్రైనింగు హాల్లో నా పక్క సీట్లో స్పెయిన్ నుంచి వచ్చిన పెద్దాయన కూర్చున్నాడు. మెడలో కార్డు చూసి "హెర్రెరా గారూ" అన్నాను.

నవ్వాడు. "హ పలకం. ఎర్రేరా. మా ఇంటిపేరు. ఇనుము పని చేసే కొలిమి అని అర్థం. మా దేశంలో ఏ ఊరెళ్లినా ఒక ఎర్రేరా ఉంటాడు."

తర్వాత నా కార్డు చూశాడు. "కె. రవి. ఈ కె. ఏమిటి?"

కాలేజీ రోజుల నుంచీ ఆ ప్రశ్నని "ఊరికే ఇనీషియల్" అని తప్పించుకుంటున్నాను. ఆరోజు చెప్పేశాను. "కమ్మరి. మాదీ కొలిమి ఇల్లే. మా నాయన ఇప్పటికీ కొడవళ్లు చేస్తాడు."

ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. "అయితే మనిద్దరిదీ ఒకే ఇంటిపేరు."

సాయంత్రం రిసెప్షన్‌లో ఉన్న, ఆ నగరంలోనే కాటన్‌పేటలో పెరిగిన తెలుగమ్మాయిని కొత్త కార్డు అడిగాను.

"పేరు తప్పుగా ఉండాదా సార్?"

"లేదమ్మా, సగమే ఉంది."