బిడ్డకు ఇచ్చిన గోడ

మొన్న రంగులేసే ఆయన వచ్చి మా ముందుగది గోడను గీకి చూశాడు. ఎంత గీకినా సున్నమే రాలింది. "గిదేంది సార్, గిన్ని పొరలు? ఏటేటా ఏసిండ్రా?" అని అడిగాడు. "నెలనెలా" అన్నాను. ఆయన నన్నొకసారి చూసి, పుట్టీ ఎక్కువ పడుతుందని చెప్పి, చాయ్ తాగడానికి పోయాడు. ఇంకా వివరంగా చెప్పే ఓపిక నాకూ లేకపోయింది.

ఆ గోడ సంగతి నా భార్యది. ఆమె పుట్టిల్లు రేగోడ్ వైపు. పండగ ముందు గోడలకు సున్నం, అడుగున ఎర్రటి జాజు పూయడం తల్లి దగ్గర నేర్చుకుని మెదక్ వచ్చింది. మా బిడ్డ బొగ్గు ముక్కతో ఇల్లంతా గీతలు పెట్టే వయసులో, నేను చదివిన పుస్తకాలను బట్టి, పిల్లలకు మంచి కాగితాలు కొనివ్వాలన్నాను. "కాయితం మీద చెయ్యి కదుల్తది. గోడ మీదైతే మనిషి మొత్తం కదుల్తది" అందామె. ముందుగదిలో ఒక గోడను, బిడ్డ చెయ్యి అందేంత మేర, దానికి ఇచ్చేసింది. వేరే గోడ ముట్టుకుంటే మాత్రం దెబ్బలే. నెలకోసారి ఆదివారం పొద్దున సున్నం కలిపి ఆ మేర మళ్లీ పూసేది. ఆరిన తర్వాత తనొక్క గీత గీసి పక్కకు జరిగేది. మిగతాది బిడ్డ పని. ఆ గీత ఒకసారి బర్రె అయ్యేది, ఒకసారి కాళ్లున్న బస్సు. ఎరుపుకు ఇటుక ముక్క, పచ్చకు చిక్కుడాకు. పసుపు కోసం వంటింట్లో డబ్బా ఖాళీ అయ్యేది, ఆ రోజు పప్పు తెల్లగా ఉండేది. నెల తిరిగి బొమ్మలు సున్నం కిందికి పోతుంటే నాకే ప్రాణం ఉసూరుమనేది. వాళ్లిద్దరికీ ఏమీ అనిపించేది కాదు.

బిడ్డకు ఐదో ఏడు నడుస్తుండగా ఆమె జ్వరంతో దవాఖానకు పోయి తిరిగి రాలేదు.

మా వైపు చావు జరిగిన ఇంటిని దినాల్లోపల కడిగి సున్నం వేస్తారు. మనుషులొచ్చి వేశారు. ఆ గోడ ముందు నేను కుర్చీ వేసుకుని కూర్చున్నాను. దాని మీద ఆమె చివరి గీత ఉంది. దాన్ని పట్టుకుని బిడ్డ సగం గీసి వదిలిన ఏదో జంతువు ఉంది. "మైల ఇంట్ల ఉంచుకుంటవా?" అన్నారు పెద్దలు. నేను లేవలేదు. ఇల్లంతా తెల్లబడింది, ఆ ముక్క తప్ప.

ఆ తర్వాత బిడ్డ గీయడం మానేసింది. రంగుపెన్సిళ్లు తెచ్చాను, వాసన చూసి మూత పెట్టేసింది. బొమ్మల పుస్తకాలు తెచ్చాను, తెరవలేదు. ఆ గోడ దగ్గరికి పోతే మాత్రం "చెయ్యి పెట్టకు" అనేవాణ్ణి. ఆఫీసు, అన్నం, స్కూలు బట్టలు అయ్యేసరికి, దాని మనసులో ఏముందో అడిగే శక్తి నాలో మిగిలేది కాదు.

ఒక శనివారం కౌడిపల్లి నుంచి మా అక్క వచ్చింది. బిడ్డను ఒళ్లో కూర్చోబెట్టుకుని తల దువ్వుతూ మొదలుపెట్టింది. "తమ్మీ, గోడనైతే మస్తు జూస్కుంటున్నవ్. దుమ్ము గూడ పడనిస్తలేవ్. పోరి తల జూసినవా? పేన్లు కుప్పలు పడ్డయ్."

"అది పోతే మళ్ల రాదక్కా."

"ఆమె ఉన్ననాడు పోలేదా, నెలనెలా? నువ్వు కావలి గూసుంటే పోరికి జాగ లేకపాయె."

మర్నాడు సున్నం కలిపాను. సున్నం తెల్లగా తేలడానికి కలిపే నీలం ఎంత వేయాలో తెలియక డబ్బీ సగం ఒంపాను. గోడ ఆకాశం రంగుకు తిరిగింది. బిడ్డ గడప మీద కూర్చుని చూస్తోంది.

"అమ్మ గింత నీలం ఎయ్యదు, డాడీ."

"మరేం చేద్దాం?"

"ఏం జేస్తం, ఎయ్యి. గక్కడ సందు ఇడ్సినవ్ సూడు."

అది సందు కాదు, ఆమె గీత. తెలియకుండానే కుంచె దాని చుట్టూ తిప్పుతున్నాను. బిడ్డ వేలు చూపించి అట్లాగే కూర్చుంది. పూసేశాను.

మధ్యాహ్నానికి ఆరింది. బొగ్గు తీసుకుని ఒక గీత గీశాను. నాకు గీయడం రాదు, అది మెట్లుమెట్లుగా వచ్చింది. బిడ్డ తల పక్కకు వంచి చూసింది. తర్వాత బకెట్ అడుగున మిగిలిన సున్నంలో వేలు ముంచి, నా బొగ్గు గీతను దాంతో సాగదీయబోయింది. "జర జరుగు డాడీ, కనవడ్తలేదు" అంది. జరిగాను.

నెల తిరిగేసరికి అదీ సున్నం కిందికి పోయింది. కాలం మరపిస్తుందని అందరూ అంటారు. నాకు అట్లా ఏమీ జరగలేదు. నెలకోసారి ఆదివారం వచ్చేది, అంతే. ఏడాదికేడాది బిడ్డ చెయ్యి పైకి అందుతుంటే, సున్నం ఇంకొంచెం పైదాకా పూయాల్సి వచ్చేది.