పక్కింటి పిల్ల కొలత

అరవైల మొదట్లో నేను జహీరాబాద్ ఆసుపత్రిలో నర్సుని. డ్యూటీలకు పోతే పిల్లను చూసేవాళ్ళు లేక, ఏడాది నిండని నా కూతుర్ని ఏలూరులో మా అమ్మ దగ్గర వదిలాను. చలికి స్వెట్టర్ అల్లుదామని, పిల్ల ఛాతీని దారంతో కొలిచి ఆ దారం పంపమన్నాను. పిల్లల్ని కొలిస్తే ఎదగరని అమ్మ పంపలేదు. నాకు ఒళ్ళు మండింది.

జహీరాబాద్‌లో నా పక్కింటి పిల్లదీ మా అమ్మాయి వయసే. అల్లినంతవరకు ఆ పిల్లకు తొడిగి చూసేదాన్ని. చంకల దగ్గర బిగిస్తే ఊలు విప్పి, వెడల్పు పెంచి మళ్ళీ అల్లేదాన్ని.

"మీ పిల్ల గూడ గింతే ఉంటదా సిస్టరమ్మా?" అని అడిగింది వాళ్ళమ్మ.

"ఇంతే ఉంటుంది" అన్నాను, రోజూ చూస్తున్నదానిలా.

సెలవు దొరికి ఏలూరు వెళ్ళాను. స్వెట్టర్ తల దాటింది గాని పొట్ట దగ్గర ఆగిపోయింది. పిల్ల ఏడుస్తూ మా అమ్మ వైపు చేతులు చాపింది.

"చూశావా, కొలవకపోబట్టి ఎంత ఎదిగిందో" అంది మా అమ్మ.

తిరిగొచ్చి దాన్ని పక్కింటి పిల్లకే తొడిగాను.

"మంచిగ పట్టింది. మా పిల్ల కోసమే అల్లినట్టున్నది" అంది వాళ్ళమ్మ.

చలి పోయేదాకా ఆ స్వెట్టర్ నా వాకిట్లోనే పాకుతూ తిరిగింది.