గడప బయటి బూట్లు

వానాకాలం వస్తే శాలిబండలోని మా ఇంట్లో గోడలు చెమ్మగిల్లుతాయి. మొదటి ముసురుకే బాపు బూట్ల మీద బూజు లేచేది. గోధుమ రంగు తోలు బూట్లు, బట్టల దుకాణంలో పని చేసినన్నాళ్లూ రోజూ తొడుక్కున్నవి. పక్షవాతం వచ్చి ఎడమ కాలూ చెయ్యీ పడిపోయాక అవి గడప బయట, నల్లా పక్కన మెట్టు మీదే ఉండిపోయాయి.

తుడవడం నా పని. ఎలా తుడవాలో బాపు మంచం మీద నుంచే చెప్పేవాడు.

"ముందుగాల తడిగుడ్డ వెట్టకు బిడ్డా. పొడిగుడ్డతోని బైటనే దులుపు. ఇంట్ల దులిపితే అన్నిటికీ అంటుకుంటది."

దులిపాక వెనిగర్‌లో సగం నీళ్లు కలిపి, గట్టిగా పిండిన గుడ్డతో తుడిచేదాన్ని. ఎండలో పెడితే తోలు పగులుతుందని నీడలోనే, ఫ్యాను గాలికి ఆరబెట్టేదాన్ని. ఆ తర్వాత పాలిష్. ఇంత చేసినా ఇంకో ముసురు పట్టిందంటే కుట్ల వెంట మళ్లీ తెల్లగా తేలేది. నాకు ఒళ్లు మండేది.

నిజానికి దీనికి మందు చిన్నదే. లోపలి గదిలో చెక్క అల్మారా ఉంది, పై అర ఎప్పుడూ పొడిగా ఉంటుంది. అక్కడ పెడితే సరిపోయేది. అమ్మ ఒప్పుకుంటే కదా.

"మనిషి ఇంట్ల ఉన్నంక బూట్లు గడప కాడనే ఉండాలె," అనేది. "లేచి నడిచిననాడు యాడ దేవులాడుతడు?"

"అప్పటిదాంక తోలు ఉండాలె గదనే," అనేదాన్ని.

అమ్మ మొండిది. నేనూ తక్కువ తినలేదు. వానాకాలం వస్తే ఇదే లొల్లి. బాపు మాత్రం ఎవరి పక్షమూ మాట్లాడేవాడు కాదు.

ఈ ఏడు, బాపు కాళ్లు ఆడించడానికి ఇంటికి వచ్చే ఫిజియోథెరపీ ఆయన వెళ్తూ వెళ్తూ అమ్మను గుమ్మం దగ్గరికి పిలిచాడు.

"కాలు ఇగ గింతకన్న కదలదమ్మా. నేనొచ్చి ఫాయిదా లేదు," అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. బాపు బూట్ల పక్కన విడిచిన తన చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

 అమ్మ గుడ్డ తెచ్చుకుని బూట్లు తానే తుడిచింది. ఆరేదాకా వాటి పక్కనే కూర్చుంది. సాయంత్రం లోపలికి తెచ్చి అల్మారా తెరిచింది. ఇన్నాళ్లూ నేను అడిగింది ఇదే. ఇప్పుడు మాత్రం వద్దని చెయ్యి పట్టుకోవాలనిపించింది.

మంచానికి ఎదురుగానే అల్మారా. బాపు చూస్తున్నాడని తెలిసి అమ్మ చేతులు ఆగిపోయాయి.

"లోపట పేపర్లు కుక్కు," అన్నాడు బాపు మెల్లగా. "ఉత్తగ వెడ్తే మడతలు వడ్తయ్."

అమ్మ పాత పేపర్లు కుక్కి, పై అరలో పెట్టి, తలుపు వేసింది.

బయట ముసురు ఇంకా వదలలేదు. అప్పుడప్పుడు అల్మారా తీసి చూస్తున్నాను. బూట్ల మీద ఎక్కడా చుక్క బూజు లేదు. ఉంటే బాగుండును అనిపిస్తోంది.