షాలేమ్‌రాజు ఒరిజినల్ కిరీటం

సరే, ఎక్కడ ఆపాను? ఆఁ, కిరీటం దగ్గర. కిరీటం కంటే ముందు మనిషి సంగతి చెప్పుకోవాలి. బూర్గంపాడు షాలేమ్‌రాజు లెక్కలో లోకంలో వస్తువులు రెండే రకాలు: ఒరిజినల్, డూప్లికేట్. ఆయన ఇంట్లో ఉన్నవన్నీ ఒరిజినల్. మిగిలిన లోకమంతా డూప్లికేట్.

ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మర్నాటి నుంచే పాత జానపద సినిమాల సామాను పోగెయ్యడం మొదలుపెట్టాడు. రేకు గదలు, చెక్క కత్తులు, మాంత్రికుడి గడ్డాలు మూడు, ఎగిరే తివాచీ ఒకటి. ఆ తివాచీ సోఫా మీద పరిచి ఉంటుంది, దాని మీద ఎవరూ కూర్చోకూడదు. చుట్టాలొస్తే కింద చాప. ఆయన భార్య జోజమ్మ రిటైరైన తెలుగు టీచరు. ఒకసారి మోకాళ్ల నొప్పితో దాని మీద కూలబడింది.

"లే టీచర్, లే. హీరో, రాకుమారి కూసున్న జాగ అది" అన్నాడు షాలేమ్‌రాజు.

"అది ఎగిరితే నేనే లేస్త" అంది జోజమ్మ.

చూడవచ్చిన వాళ్లను పాత అలవాటు కొద్దీ గుమ్మంలో నిలబడొద్దు, లోపలికి జరగండి అంటాడు. జరిగాక ముట్టుకోవద్దంటాడు. ఇది ఒరిజినలేనా అని ఎవరైనా అడిగారో, వాళ్లకి ఆ పూట టీ రాదు. సొంత బావమరిది డేవిడ్ ఒక గడ్డాన్ని చూసి మేక బొచ్చులా ఉందే అన్నందుకు రెండు క్రిస్మస్‌లు మాటల్లేవు.

అన్నింటిలోకీ ప్రాణం కిరీటం. మద్రాసులో సినిమా డ్రెస్సుల కంపెనీ ఒకటి మూసేస్తున్నారని తెలిసి, జనరల్ బోగీలో నిలబడి వెళ్లి తెచ్చుకున్నాడు. అట్ట, పాత గుడ్డ, చింతగింజల జిగురు, పైన బంగారు కాగితం, అద్దం ముక్కలు. లోపల నుదురు తగిలే చోట ఒక మరక. అది హీరో చెమటట. ఏ హీరో అని నిలదీస్తే, చెమట మీద పేరు రాసి ఉంటదా అంటాడు. ఇల్లు ఆశీర్వదించడానికి ఫాదర్‌గారు వచ్చి పవిత్ర జలం చల్లబోతే, కిరీటం తడుస్తుందని దాని మీద గొడుగు పట్టుకుని నిలబడ్డాడు. ఫాదర్‌గారు మంచివారు కాబట్టి గొడుగుని కూడా ఆశీర్వదించి వెళ్లారు.

మొన్న వానాకాలం గోదావరి మూడో ప్రమాద హెచ్చరిక దాటింది. ఇళ్లు ఖాళీ చెయ్యమని మైకు తిరిగింది. జోజమ్మ సర్టిఫికెట్లు, బీపీ మాత్రలు సంచిలో వేసుకుని బయటికొచ్చేసరికి, ఆయన చేతిలో గొడుగు, గొడుగు కింద కిరీటం.

"బియ్యం మూట ఏదయ్యా?"

"బియ్యం క్యాంపుల ఇస్తరు. కిరీటం ఇస్తరా?"

గుట్ట మీది బడిలో క్యాంపు పెట్టారు. వీళ్ల పక్కనే తండా నుంచి వచ్చిన సక్రి, ఆమె ఐదేళ్ల కూతురు. పిల్లకి జ్వరం. మాత్ర మింగదు, గంజి తాగదు, కళ్లు మాత్రం కిరీటం మీదే. రెండో రోజుకి నర్సమ్మ కూడా చేతులెత్తేసింది. షాలేమ్‌రాజు ఒకసారి పిల్లని చూశాడు, ఒకసారి కిరీటాన్ని చూశాడు. జోజమ్మ నోరు తెరిచి చూస్తుండగానే దాన్ని తీసుకెళ్లి ఆ పిల్ల నెత్తిన పెట్టాడు.

"రాణిగారూ, టికెట్టు తీసుకోవాలె" అని మాత్ర చేతిలో పెట్టాడు. పిల్ల గుటుక్కున మింగింది.

మూడు రోజులు కిరీటం ఆ తల మీదే ఉంది. వరద వీళ్ల గుమ్మం దాకానే వచ్చి తీసింది. తండాకి ట్రాక్టరు బయల్దేరేవేళకి పిల్ల కిరీటంతోనే నిద్రపోతోంది. జోజమ్మ తియ్యబోతే, లేపకు అన్నాడు. ఆదివారం తెచ్చిస్తానంది సక్రి. ఆ వారమంతా షాలేమ్‌రాజుకి అన్నం సయించలేదు. గోడకున్న ఖాళీ మేకుని చూస్తూ, తండా వైపు నుంచి బస్సు హారన్ వినిపించినప్పుడల్లా వీధిలోకి వెళ్లి వచ్చాడు.

ఆదివారం సక్రి వచ్చింది, పిల్లని వెంటబెట్టుకుని. చేతిలో ప్లాస్టిక్ సంచి ఉంది, అది ఇవ్వదు, తలెత్తదు. ఏమైందంటే, వాళ్ల తండాలో ఎవరి వస్తువైనా అడిగి తెచ్చుకుంటే, గిన్నె కానీ గంప కానీ, కడిగి తిరిగివ్వడం మర్యాద. పైగా ఇది జ్వరం పడ్డ తల మీద ఉన్నది. అందుకని సక్రి కిరీటాన్ని బకెట్లో సబ్బుపొడి వేసి, శుభ్రంగా, రాత్రంతా నానబెట్టింది. సంచిలో ఉన్నది ఒక ముద్ద.

"మీ పానం లెక్క చూసుకుంటరంట గద సారూ. ఖరాబు చేసిన" అంది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

జోజమ్మకి డేవిడ్ గుర్తొచ్చాడు. మేక బొచ్చు అన్నందుకే రెండు క్రిస్మస్‌లు. ఇప్పుడీ పిచ్చిదాని గతేమిటి? షాలేమ్‌రాజు సంచిలోకి చూశాడు. చాలాసేపు చూశాడు. సంచి మూతి మడిచాడు.

"ఓస్, ఇదా? ఇది డూప్లికేట్ బిడ్డా. ఒరిజినల్ ఎవడన్న క్యాంపుకి తెస్తడా? అది లోపల బీరువల ఉన్నది."

ముప్పై ఆరేళ్ల కాపురంలో తన ఇంటి వస్తువుని ఆయన ఆ మాటనడం జోజమ్మ వినలేదు. సక్రి మొహంలోకి మళ్లీ నెత్తురొచ్చింది. చాప వద్దని ఆయనే పట్టుబట్టి తివాచీ మీద కూర్చోబెట్టాడు. టీ వచ్చింది, బిస్కెట్లు వచ్చాయి. అంతా సర్దుకున్నట్టే ఉంది, పిల్ల నోరు తెరిచేదాకా.

"ఐతే ఒరిజినల్ది సూపియ్యి తాతా."

షాలేమ్‌రాజు జోజమ్మ వంక చూశాడు. జోజమ్మ ఫ్యాను వంక చూసింది.

"బీరువ తాళంచెవి టీచర్ చుట్టాలింట్ల మర్చిపోయి వచ్చింది. వచ్చే ఆదివారం చూపిస్తది" అన్నాడు.

"అవ్" అంది జోజమ్మ, అబద్ధమాడరాదని ముప్పై ఏళ్లు పిల్లలచేత వందసార్లు రాయించిన టీచరు.

వాళ్లు వెళ్లిపోయాక ఆయన ముద్దలోంచి అద్దం ముక్కలు ఒక్కొక్కటే ఏరి, తుడిచి పళ్లెంలో పెడుతూ కూర్చున్నాడు. జోజమ్మ కాసేపు అది చూసి, ఫోను చేతిలోకి తీసుకుంది. వైరాలో ఆమె చెల్లెలు స్తుతి, చర్చిలో క్రిస్మస్ నాటకానికి ముగ్గురు జ్ఞానుల కిరీటాలు ఏటా తనే చేస్తుంది. మధ్యాహ్నం పడుకుని నాలుగింటికి గానీ లేవదు. ఇంకా పావుగంట ఉంది. అడగాల్సింది ఈలోపు సిద్ధం చేసి పెట్టుకుంది: శనివారం లోపల ఒక కిరీటం కావాలె. ఐదేళ్ల పిల్ల తలకి సరిపోవాలె. అట్టతోటి వద్దు, రేకుతోటి చెయ్యి. రాత్రంతా బకెట్ల నానబెట్టినా ఏం కావొద్దు.