ఐదో బోర్డు

ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి చివరి రౌండు జాబితాను గోడకు అంటించారు. మా మేనత్త కళ్లజోడు సర్దుకుని, చూపుడువేలితో ఒక్కొక్క వరుసా దిగుతూ వచ్చి, తన పేరు దగ్గర ఆగింది. ఎదురుగా ఉన్న పేరు చదివాక కూడా ఆ వేలు అక్కడి నుంచి కదల్లేదు.

"ఎవరోయ్?" అన్నాడు మామయ్య, రెండు చేతుల్లో రెండు టీ కప్పులతో.

"పళ్ల డాక్టరు."

"మన పళ్ల డాక్టరే? ఇంకేం, ఆయన ముందు నోరు తెరుచుకుని కూర్చోవడం నీకు అలవాటేగా!"

అత్త నవ్వలేదు. మామయ్య నా వైపు చూసి, "కోడలు పిల్లా, ఈ టీ నువ్వు తాగేయ్. మీ అత్త ఇక ఏదీ మింగదు" అన్నాడు.

ఆమె భయానికి కారణం ఉంది. అత్తా, పళ్ల డాక్టరూ ఒకే చదరంగం క్లబ్బు సభ్యులు. గ్రంథాలయం పై అంతస్తులో ప్రతి శనివారం సాయంత్రం పదిహేను, ఇరవై మంది ఆడుకునే క్లబ్బు అది. లీగు పోటీలకు క్లబ్బు తరఫున ఐదుగురు ఆడతారు. ఐదో బోర్డు మీద ఆడే పెద్దాయన చూపు మందగించి ఆ ఏడాది తప్పుకున్నాడు. క్లబ్బు పెద్ద, అచ్చుయంత్రాల యజమాని కాబట్టి అందరూ 'ప్రెస్సాయన' అనే మనిషి, తేలికైన దారి ఒకటి చెప్పాడు: ఈ శని, ఆదివారాల టోర్నమెంటులో అత్తకూ డాక్టరుకూ మధ్య ఎవరికి ఎక్కువ పాయింట్లు వస్తే వారిదే ఐదో బోర్డు. అత్త ఆరేళ్లుగా జట్టుకు అదనపు ఆటగత్తె. ప్రతి మ్యాచికీ వెళ్లేది. ఆ ఆరేళ్లలో ఆడే అవకాశం వచ్చింది రెండుసార్లు.

నాలుగు రౌండ్లు పూర్తయ్యేసరికి డాక్టరుకు మూడు పాయింట్లు, అత్తకు రెండున్నర. ఇప్పుడు ఇద్దరూ ఎదురెదురుగా కూర్చోబోతున్నారు. గెలిస్తేనే బోర్డు అత్తది. డ్రా అయినా అది డాక్టరుదే.

ఆ ఆట సంగతి చెప్పే ముందు అత్త ఉద్యోగం గురించి కొంత చెప్పాలి. ఆమె విద్యుత్తు సబ్‌స్టేషన్‌లో షిఫ్టు ఆపరేటరు. కంట్రోలు గదిలో ఒక గోడ పొడుగునా ప్యానెలు, దానిమీద ఆరు బ్రేకర్ల పిడులు. ఒక్కో పిడి ఒక్కో లైనుకు కరెంటు ఇస్తుంది, తీసేస్తుంది. పిడికి చేయి తగలక ముందు మూడు పనులు జరగాలి. ఏ లైను, ఏ సమయం, ఏం చేయబోతున్నాం అన్నది లాగ్‌బుక్కులో రాయాలి. రాసినదాన్ని ఫోనులో లైన్‌మన్‌కు చదివి వినిపించాలి. అతను అదే మాట తిరిగి చెప్పాలి. ఆ తర్వాతే చేయి. ఇరవై ఒక్క సంవత్సరాలుగా అత్త రాయకుండా ఒక్క పిడి కూడా తిప్పలేదు. ఆ అలవాటు ఆమెతోపాటే చదరంగం బల్ల దగ్గరికీ వచ్చింది. ఎత్తు ఆలోచిస్తుంది, ముందు కాగితం మీద రాస్తుంది, రాసినదాన్ని ఒకసారి చూసుకుంటుంది, అప్పుడు పావు కదుపుతుంది. రాతలో పెట్టేసరికి తప్పు ఆమెకు కనబడుతుంది. క్లబ్బులో ఆమె ముద్దుపేరు 'లాగ్‌బుక్కు'.

టోర్నమెంటు నిబంధన సరిగ్గా దీనికి తలకిందులు. ఎత్తు ముందు బల్ల మీద వేయాలి, తర్వాతే రాయాలి. ముందే రాసుకోవడమంటే నోట్సు చూసి ఆడటం కింద లెక్క. క్లబ్బులో ఎవరూ ఈ సంగతి పట్టించుకోలేదు. అప్పటిదాకా ఆడిన నలుగురు ప్రత్యర్థులూ పట్టించుకోలేదు. ఆర్బిటరుగా, అంటే ఆటల తీర్పరిగా, ఉన్న లెక్కల టీచరు మాత్రం ఒకసారి అటుగా వెళ్తూ చూసి, "అలా రాయకూడదమ్మా" అని మెల్లగా చెప్పి ముందుకు సాగింది.

రెండు గంటలకు గడియారాలు నొక్కారు. చెరొక గంట. అత్తకు తెల్లపావులు. ప్రేక్షకుల కోసం వేసిన కుర్చీల్లో, వాళ్ల బల్లకు ఆరడుగుల దూరంలో నేనూ మామయ్యా కూర్చున్నాం. వెనక ప్రెస్సాయన నిలబడ్డాడు.

మొదటి పన్నెండు ఎత్తులూ ప్రశాంతంగానే నడిచాయి. పదమూడో ఎత్తును అత్త కాగితం మీద రాసింది, కలం పక్కన పెట్టింది, గుర్రం మీదికి చేయి చాపింది. అప్పుడు డాక్టరు గొంతు సవరించుకున్నాడు.

"ఏమీ అనుకోకండి, లాగ్‌బుక్కు గారూ" అన్నాడు గుసగుసగా. అని చెయ్యెత్తాడు.

అత్త చేయి గాలిలోనే ఆగిపోయింది. ఆరేళ్లుగా ఆమె పక్క బల్ల దగ్గర కూర్చుంటున్న మనిషి ఆయన. ఆమె ఎలా ఆడుతుందో ఆ గదిలో ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

లెక్కల టీచరు వచ్చింది. "ఎత్తు వేశారా అమ్మా?"

"వెయ్యబోతున్నానండీ."

"కాగితం మీద అప్పుడే వేసేశారే!" ఆమె గొంతులో కోపం లేదు. "ఇది మొదటి హెచ్చరిక. ఇంకోసారైతే ఆయన గడియారంలో రెండు నిమిషాలు కలుపుతాను. మూడోసారైతే ఆట ఆయనదే. ముందు వెయ్యండి, తర్వాత రాయండి."

"పన్ను పీకే ముందు మత్తు కూడా ఇవ్వలేదు చూడు" అన్నాడు మామయ్య నా చెవిలో. ఆయన మోకాలు మాత్రం ఆగకుండా ఊగుతోంది.

అత్త కలాన్ని కాగితం కిందికి తోసింది. ఐదు ఎత్తులు జాగ్రత్తగానే వేసింది. పందొమ్మిదో ఎత్తు చిక్కుముడి. ఏడు నిమిషాలు ఆలోచించింది. ఆలోచన ముదిరే కొద్దీ కుడిచేయి తనంతట తాను కాగితం కిందికి పాకి, కలం పట్టుకుని, గడిలో ఎత్తు రాసేసింది. రాసిన సంగతి ఆమె గమనించే లోపే డాక్టరు చెయ్యెత్తాడు. ఆయన గడియారంలో రెండు నిమిషాలు పెరిగాయి.

ఇక మిగిలింది ఒక్కటే తప్పు.

ఆ తర్వాత అత్త కుడిచేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుంది. రాసి చూసుకునే వీలు లేక ఎత్తులు ఆమెకు మసకబారినట్టున్నాయి. ఇరవై రెండో ఎత్తులో ఒక బంటును ఊరికే పోగొట్టుకుంది. వేశాక రాయడం కూడా మరిచిపోతే టీచరు వచ్చి, "రెండు ఎత్తులు వెనకబడ్డారు, పూర్తి చెయ్యండి" అని కాగితం చూపించింది. అచ్చువేసినట్టుండే అత్త రాత గడి గీతలు దాటి వంకర్లు పోయింది. వెనక ప్రెస్సాయన పెద్దగా ఊపిరి వదిలాడు.

"పోయినట్టేనా?" అని అడిగాను.

"నువ్వూ నేనూ కలిసి ఆయన గడియారం ఎత్తుకుపోతే తప్ప" అన్నాడు మామయ్య.

ఇరవై ఏడో ఎత్తు దగ్గర ఏదో మారింది. బయటికి కనిపించినదాన్ని మాత్రమే నేను చెప్పగలను. అత్త తొడ కింది నుంచి చేయి తీసింది. బల్ల వైపు చూసింది, ఏనుగును కదిపింది, గడియారం నొక్కింది, తర్వాత రాసింది. మొత్తం పది సెకన్లు. తర్వాతి ఎత్తూ అంతే. ఆ తర్వాతదీ అంతే. చూడటం, వేయడం, నొక్కడం. ఎంతకూ తెమలని అత్తకు అలవాటుపడ్డ డాక్టరు తల పైకెత్తి ఆమె ముఖం చూశాడు. అక్కడ ఆయనకు ఏమీ దొరకలేదు. ఆయన ఆలోచించడం మొదలుపెట్టాడు. ఆలోచించిన కొద్దీ ఆయన నిమిషాలు కరిగాయి. ముప్పై నాలుగో ఎత్తులో పోయిన బంటుకు బదులు అత్త ఒక బంటును తీసుకుంది. ముప్పై తొమ్మిదిలో ఇంకొకటి. ఇక ఆమె బంటు ఒకటి అంచు వరుస వెంట, ఎవరి అడ్డూ లేకుండా, అవతలి గట్టు వైపు నడవసాగింది. చివరి గడి చేరితే అది మంత్రి అవుతుంది.

అత్త గడియారంలో ఆరు నిమిషాలున్నాయి. డాక్టరు గడియారంలో మూడు.

"డ్రా అనుకుందామా?" అన్నాడాయన, నుదురు తుడుచుకుంటూ.

డ్రా అంటే ఏమిటో ఆ బల్ల చుట్టూ ఉన్న అందరికీ తెలుసు. మామయ్య మోకాలు ఆగిపోయింది.

"వద్దండీ" అంది అత్త.

తర్వాత పదకొండు ఎత్తులు ఎంత వేగంగా పడ్డాయంటే వాటిని నేను సరిగా చూడలేకపోయాను. డాక్టరు ఏనుగు చెక్ మీద చెక్ చెప్పింది. అత్త రాజు తన బంటు వెనక్కి తప్పుకున్నాడు. బంటు చివరి గడిలో కాలు పెట్టింది. అత్త దాన్ని తీసి మంత్రిని నిలిపింది. డాక్టరు కాసేపు బల్లనే చూసి, గడియారం ఆపి, చేయి చాచాడు.

"ఇన్నాళ్లూ ఈ వేగం ఎక్కడ దాచారండీ?"

"నాకూ తెలీదు డాక్టరు గారూ."

"నేను చెయ్యెత్తకపోతే బయటపడేది కాదు. నాకు ఫీజు ఇవ్వాలి మీరు." ఆయన నవ్వబోయాడు, సగంలో ఆపేశాడు. "మనసులో ఏమీ పెట్టుకోకండి."

"రూలు ఉంది, ఎత్తారు. ఇందులో పెట్టుకోడానికేముంది?"

ప్రెస్సాయన జేబులోంచి కాగితం తీసి, ఐదో వరుసలో అత్త పేరు రాసి, అందరికీ కనబడేలా ఎత్తి చూపించాడు. ఇంటికి వస్తూ అత్త దారంతా మాట్లాడింది. ఏ ఎత్తు దగ్గర ఏం చూసిందో, ఏం చూడకుండానే వేసిందో. "చెయ్యి వదిలేస్తే అదే వెళ్లిపోతుందే! ఇన్నేళ్లు నేనే పట్టుకు లాగాను" అంది నాతో. ఆమె అంత సంతోషంగా ఉండటం నేను అంతకు ముందు చూడలేదు.

సోమవారం జరిగినది నేను చూసింది కాదు. అత్త చెప్పగా విన్నాను, ఆ రోజు లాగ్‌బుక్కు పుటను ఆమె ఫోనులో ఫోటో తీసుకుంటే చూశాను. రెండూ ఒకే మాట చెబుతున్నాయి.

ఉదయం ఆరింటి షిఫ్టు. నాలుగో లైనులో తీగలు మార్చే పని ఉండటంతో తొమ్మిదింటికి దాని కరెంటు తీశారు. ఆ పిడికి 'మనుషులు పనిలో ఉన్నారు' అన్న ఎర్ర అట్ట తగిలించి ఉంది. పదీ ఇరవైకి ఫోను మోగింది. ఫోను బల్ల ప్యానెలును ఆనుకునే ఉంటుంది. అత్త ఎడమచేత్తో రిసీవరు ఎత్తింది.

"అమ్మా, నాలుగో లైను నుంచి. పని అయిపోయిందమ్మా" అన్నాడు లైన్‌మన్.

అక్కడ అతను ఊపిరి తీసుకున్నాడు. ఆ ఊపిరి పాటి సమయంలో అత్త కుడిచేయి ఎర్ర అట్టను కొక్కెం నుంచి తీసేసింది, పిడిని పట్టుకుంది. లాగ్‌బుక్కు మూసే ఉంది.

"కానీ మావాడొకడు ఇంకా స్తంభం మీదే ఉన్నాడమ్మా. సామాను దింపుతున్నాడు. వాడు దిగాక మళ్లీ చేస్తాను, అప్పుడు రాసుకుందురుగాని. అమ్మా? ఉన్నారా?"

"ఉన్నాను" అంది అత్త.

పిడి మీది వేళ్లను ఒక్కొక్కటిగా తీయవలసి వచ్చిందని ఆమె చెప్పింది. అట్టను మళ్లీ తగిలించింది. పుస్తకం తెరిచి రాసింది: "10.20. నాలుగో లైను. మనిషి స్తంభం మీద ఉండగా, రాయకముందే నా చేయి పిడి మీదికి వెళ్లింది. తిప్పలేదు." కింద సంతకం పెట్టింది. మధ్యాహ్నం ఇంజనీరు అది చదివి, "తిప్పలేదు కదండీ, మరి ఎందుకు రాశారు? పైవాళ్లు చూస్తే మీకే ఇబ్బంది. కొట్టెయ్యండి" అన్నాడట. ఆమె కొట్టెయ్యలేదు.

ఆ సాయంత్రం నన్ను వెంటబెట్టుకుని ప్రెస్సుకు వెళ్లింది. ప్రెస్సాయన సిరా చేతులు గుడ్డకు తుడుచుకుంటూ ఎదురొచ్చాడు.

"రండి రండి, ఐదో బోర్డు గారూ!"

"లీగుకు పేర్లు పంపేశారా?"

"రేపు పంపుతాను."

"నా పేరు తీసేసి డాక్టరు గారిది రాయండి."

ఆయన గుడ్డ కింద పెట్టేశాడు. "ఏమిటమ్మా, పొద్దున్నుంచి ఏమైనా తిన్నారా లేదా? ఆరేళ్లు ఎదురుచూశారు!"

అత్త జరిగినది చెప్పింది. మధ్యలో ఆపకుండా, గొంతు పెంచకుండా చెప్పింది. ప్రెస్సాయన పక్కన తిరుగుతున్న యంత్రాన్ని ఆపించాడు.

"పోనీ ఒక పని చెయ్యండి. ఆదివారం ఆడితే సోమవారం సెలవు పెట్టండి."

"సోమవారం సెలవు పెడితే మంగళవారం వస్తుంది. ఈ చెయ్యి నిన్నటి అలవాటు ఎన్ని రోజులకు మరుస్తుందో నాకు తెలీదు. మీకు తెలుసా?"

ఆయన గుడ్డ తీసి మళ్లీ చేతులు తుడుచుకున్నాడు. "మరి క్లబ్బుకు కూడా రారా?" అన్నాడు.

"ఎందుకు రాను? శనివారం వస్తాను. ముందే రాసుకుని ఆడతాను. ఎవరూ చెయ్యెత్తకండి."

ఆయన కాగితం తీసి, ఐదో వరుస కొట్టేసి, డాక్టరు పేరు రాశాడు. అత్త అది చూసి, సరేనన్నట్టు తలూపి, మెట్లు దిగింది.

వీధిలో కొంతదూరం నడిచాక, "మంచి పనే చేశావు అత్తా, బాధపడకు" అన్నాను. ఏదో ఒకటి అనాలి కనుక అన్నాను.

"మంచి పనో కాదో నాకు తెలుసు. బాధ లేదని ఎవరన్నారు?" అంది, నా వైపు చూడకుండా.

లీగు మొదటి మ్యాచికి అత్త వెళ్లలేదు. ఇంట్లో కిటికీ తెరలన్నీ విప్పి ఉతికింది. మామయ్య ఆ రోజు ఒక్క జోకు కూడా వేయలేదు. రెండో మ్యాచికి వెళ్లింది, చూడటానికి.