ధర్మవరంలో నేను చంపిన మొగుళ్లు

నిన్న ధర్మవరం పోయి ఏం చేసొచ్చినానో తెలుసా? నిక్షేపంగా ఉన్న మనిషిని చంపేసినా! అదీ ఆయన ఇంట్లోనే, ఆయన పెండ్లాం ముందరే!

నేను హిందూపురంలో కూర్చొని సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తాండా కదా. కూర్చొని అనే మాట నిజమే. ఎండలో ఇల్లిల్లూ తిరిగేదెందుకని, ఎవరో ఎప్పుడో చేసిన చేనేత కుటుంబాల సర్వే డౌన్‌లోడ్ చేసుకున్నా. సెకండరీ డేటా! ఖర్చు లేదు, చెమట లేదు. అన్ని ఇండ్లు నేనొక్కణ్ణే తిరగాలంటే ఈ జన్మలో అయ్యేదా?

ఫ్యాన్ కింద టీ తాగుతా చూస్తాంటే ధర్మవరంలో ఒక వీధి కంటపడింది. ఏ ఇంటికి చూసినా 'మగవారు: లేరు'. కండ్లు తిరిగినాయి నాకు! వీధంతా దిక్కులేని ఆడోళ్లా? 'ఒంటరి మగ్గాలు' అని పేరు పెట్టి పేపర్ రాసేసినా. రాస్తా రాస్తా ఏడ్చినా కూడా.

దాన్ని పెనుకొండ కాలేజీ సెమినార్‌లో చదవాల. మా గైడ్ మేడం ఫోన్ చేసి, "ఆ వీధివి ఫొటోలు కూడా పెడదాం నాయనా, పోయి తీసుకురా" అనింది. పోయినా.

మొదటి ఇంటి అరుగు మీద ఒకామె రాట్నంతో పట్టుదారం కండెలకు చుడతాండాది. పక్కన కూర్చున్నా.

"మీ బాధంతా నాకు తెలుసక్కా. ఆయన పోయినాక ఒక్కరే ఇంత సంసారం ఈడ్చినారు..."

"యాడికి పోయినాక?"

"అదే... మీ ఆయన కాలం చేసినాక."

రాట్నం ఆగిపోయింది. లోపల మగ్గం చప్పుడూ ఆగిపోయింది. లుంగీ సర్దుకుంటా ఒక ఆరడుగుల మనిషి బయటికొచ్చినాడు.

"ఎవరప్పా పోయింది?"

నాకంటే ముందు ఆమె అందుకునింది! "కట్టుకున్నోడు లోపల చీర నేస్తాంటే నా బొట్టు చెరిపేస్తావా? నీకేం పోయేకాలమబ్బా!"

అంతే, వీధి వీధంతా లేచింది. ఒక్కో గడపలోంచి ఒక్కో మొగుడు! బనీన్లతో కొందరు, నోట్లో బ్రష్షుతో కొందరు. నా పేపర్‌లో లేని మొగుళ్లంతా వచ్చి నా చుట్టూ నిలబడినారు.

ఫోన్లో ఆ సర్వే చూపించి కాళ్లావేళ్లా పడితే ఆమె తల కొట్టుకునింది. "సర్వే సారు వచ్చిన పొద్దు మా మగోళ్లంతా కూలి రేట్ల ధర్నాకు పోయుండ్రి. 'ఇంట్లో మగోళ్లు ఉండారా' అనె. 'లేరు సార్' అంటిమి. ఇంకేమనల్ల?"

చివరికి నేను చంపిన మనిషే నవ్వుకుంటా నాకు రాగిముద్ద వడ్డించినాడు. గొంతు దిగితే కదా!

బయటపడినాక మేడంకు ఫోన్ చేసినా. "మేడం, డేటా అంతా తప్పు!"

"అంతా ఎట్ల తప్పవుతుంది? మగ్గాలు, నేతపని, అవన్నీ సరిగ్గా ఉండాయి కదా. మగోళ్ల గురించి ఏమని అడిగినారో చదివినావా?"

అప్పుడు తెరిచినా ప్రశ్నల పేజీ. 'సర్వే వేళకు ఇంట్లో ఉన్న మగవారు' అని తెలుగులోనే, అచ్చులోనే ఉండాది!

అదే ఫోన్లో చదివి వినిపించినా. మేడం, "సరేలే, ఎట్లాగూ పోయినావు కదా, నువ్వే సొంతంగా అడిగి తెలుసుకున్న ప్రైమరీ డేటా అన్నా దొరికిందా? ఎంతమంది స్పందించినారు?" అనింది.

"అందరూ మేడం! ఒక్క ఇల్లు కూడా మిగలకుండా తిట్టినారు."